పర్యావరణ శాస్త్రాన్ని సీసా పట్టించి నేర్పండి: చంద్రపూర్, గడ్చిరోలి డిగ్రీ కాలేజీలకు బహిరంగ లేఖ

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, యాజమాన్యాలకు, పర్యావరణ శాస్త్రం బోధించే అధ్యాపకులకు

అయ్యా, అమ్మా,

నమస్కారం. బల్లార్షా, రాజురా, గడ్‌చాందూర్, సిరొంచ చుట్టుపక్కల నీళ్లనూ గాలినీ పరీక్షించే పనిలో ఉన్న తెలుగువాళ్లం ఈ లేఖ రాస్తున్నాం. డిగ్రీ పట్టుకుని ల్యాబు ఉద్యోగానికి వచ్చిన పిల్లలను మేం మొదట అడిగేది ఒకటే: నదిలో కరిగి ఉన్న ఆక్సిజన్ కొలవాలంటే సీసా ఎలా నింపుతావు? చాలామంది దగ్గర జవాబు ఉండదు. అదే పిల్లలు ఓజోన్ పొర గురించో, భూతాపం గురించో రెండు పేజీలు ఆగకుండా రాసిస్తారు. తెలివిలో లోపమేమీ లేదు. వాళ్లకు మూడేళ్లలో ఎవరూ సీసా చేతికివ్వలేదు, అంతే.

ఈ సబ్జెక్టు ఇలా కావడానికి ఒక చరిత్ర ఉంది. ఎం.సి. మెహతా కేసులో సుప్రీం కోర్టు 1991లో పర్యావరణాన్ని పాఠ్యాంశం చేయాలని చెప్పింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీ విద్యార్థులందరికీ ఒక పేపరు తప్పనిసరి చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆ పేపరుకు విడిగా అధ్యాపకుడు లేక, ఖాళీగా ఉన్నవాళ్లెవరో చెప్పడం, ప్రాజెక్టు ఫైలు జిరాక్సు షాపులో తయారవడం మామూలైపోయింది. ఆ అలవాటే బీఎస్సీలో దీన్ని ప్రధాన సబ్జెక్టుగా తీసుకున్న పిల్లల క్లాసులోకి కూడా పాకింది.

మన ప్రాంతంలో అలా జరగకూడదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాలకు కాలుష్య సూచీ వేసినప్పుడు చంద్రపూర్‌కు నూటికి 83.88 వచ్చింది. కాలుష్యంలో అప్పుడు దేశంలో అంక్లేశ్వర్, వాపి, గాజియాబాద్ తర్వాత మనదే. 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం, వార్ధా లోయ పొడుగునా బొగ్గు గనులు, కాగితం మిల్లు, రాజురా, కోర్పనా వైపు సిమెంటు కర్మాగారాలు, ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్, పక్కనే తాడోబా అడవి. సిలబసులో ఏ అధ్యాయం తీసుకున్నా బస్సెక్కి పోయి చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పైగా ఇక్కడి నీళ్లు ఇక్కడ ఆగవు. చంద్రపూర్ పక్కన పారే ఇరై నది పోయి వార్ధాలో కలుస్తుంది, వార్ధా వైన్‌గంగతో కలిసి ప్రాణహిత అవుతుంది, ప్రాణహిత సిరొంచ దగ్గర గోదావరిలో పడుతుంది. ఇక్కడ మనం తప్పు కొలిస్తే అవతలి ఒడ్డున కాళేశ్వరంలో మునిగేవాళ్లకు కూడా తప్పే చెప్పినట్టు.

అందుకే ఆ సీసా సంగతి కాస్త వివరంగా రాస్తాం. ల్యాబు మాన్యువల్‌లో నాలుగు వరుసల్లో ఉండే పరీక్ష ఇది. చేసేటప్పుడు ఎన్నిచోట్ల జారిపోతుందో చేతితో చేస్తేనే తెలుస్తుంది.

300 మిల్లీలీటర్ల బీఓడీ సీసా కావాలి, గాజు బిరడాతో. (నీటిలోని మురికిని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఖర్చయ్యే ఆక్సిజన్‌నే బీఓడీ అంటాం.) నమూనా ఒడ్డున నిలిచిన నీళ్లలో కాకుండా వంతెన మీద నుంచి నడి ప్రవాహంలో తీయాలి. బకెట్టుతో తోడి పై నుంచి సీసాలో పోస్తే బుడగలతో పాటు గాలి కలిసి, నదిలో లేని ఆక్సిజన్ లెక్కలోకి వస్తుంది. సన్నని గొట్టం సీసా అడుగుకు తగిలేలా పెట్టి నింపి, సీసా పట్టే నీటికి రెండు మూడింతలు పొర్లిపోనివ్వాలి. బిరడా వేశాక సీసా వంచి చూస్తే ఒక్క బుడగ కూడా కనబడకూడదు. అక్కడే, ఒడ్డునే, 2 మిల్లీలీటర్ల మాంగనస్ సల్ఫేటు, 2 మిల్లీలీటర్ల ఆల్కలీ అయొడైడ్ అజైడ్ పిపెట్ మొన నీటి లోపలికి ముంచి వదలాలి. బిరడా పెట్టి పదిహేను సార్లయినా తిరగేసి కలపాలి. గోధుమరంగు తరకలు కడితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. మురుగు కాలువ కలిసే చోట ఆ తెల్లని తరకలు ఒకసారి చూసిన విద్యార్థికి మళ్లీ ఆ పాఠం చెప్పనక్కర్లేదు. తరకలు సగం దాకా దిగాక ఇంకోసారి కలిపి, మళ్లీ దిగాక 2 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం సీసా మెడ వెంబడి వదిలితే తరకలు కరిగి అయొడిన్ పసుపు తేలుతుంది. ఇలా ఆక్సిజన్ లెక్క మారకుండా రసాయనాలతో ఒడ్డునే కట్టేసిన నమూనాను ఎండ తగలకుండా ల్యాబుకు తేవచ్చు. కట్టకుండా తెస్తే దారిలోనే సూక్ష్మజీవులు ఆక్సిజన్ తినేస్తాయి. మే నెలలో మన ఎండకు జీపు వెనక పెట్టిన సీసా ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పాలా?

ల్యాబులో 203 మిల్లీలీటర్లు కొలిచి 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేటుతో టైట్రేషన్ చేస్తారు, అంటే బ్యూరెట్ నుంచి చుక్కచుక్కగా వేసి రంగు పోయేదాకా ఎంత పట్టిందో చూస్తారు. 200 చాలదా అని పిల్లలు అడగాలి. మొదటి రెండు రసాయనాలు వేసినప్పుడు 4 మిల్లీలీటర్ల నది నీరు సీసా బయటికి పోయింది. ఆ నష్టం సరిచేసుకోవడానికే 203. అప్పుడు బ్యూరెట్‌లో 1 మిల్లీలీటరు దిగితే లీటరుకు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్. కొన్ని మాన్యువళ్లలో రసాయనాలు ఒక్కో మిల్లీలీటరే వేయమంటారు, అప్పుడు తీసుకోవాల్సింది 201. ఒక పుస్తకంలోని రసాయనాల కొలత, ఇంకో పుస్తకంలోని టైట్రేషన్ కొలత కలిపేయడం మేం తరచూ చూసే పొరపాటు. అయొడిన్ ఉంటే నీలంగా మారే గంజి ద్రావణం పసుపు బాగా లేతబడ్డాకే వేయాలి. ముందే వేస్తే అయొడిన్‌ను పట్టుకుని వదలదు, చివరి బిందువు దాటిపోతుంది. నీలం పోయాక కాసేపటికి మళ్లీ వస్తే పట్టించుకోవద్దు, మొదటిసారి పోయినప్పటి రీడింగే లెక్క. థయోసల్ఫేటు నిలవ ఉంటే బలం తగ్గుతుంది. డైక్రోమేటుతో సరిచూడకుండా నెల కిందట కలిపిన సీసాతో చేసిన పరీక్షను మేమైతే పక్కన పడేస్తాం.

ఆ తర్వాత అసలు చదువు. 30 డిగ్రీల దగ్గర స్వచ్ఛమైన నీటిలో ఆక్సిజన్ లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములకు మించి కరగదు. విద్యార్థి 11 అని తెస్తే కొట్టేయకండి, ఏ వేళకు తీశావని అడగండి. నాచు పెరిగిన చెరువులో మధ్యాహ్నం మూడింటికి అది నిజమే కావచ్చు, అదే చెరువులో తెల్లారకముందు 2 ఉండవచ్చు. చంద్రపూర్ రామాళా చెరువులో ఒకే రోజు ఈ రెండు వేళల్లో నమూనాలు తీయించండి, యూట్రోఫికేషన్ (పోషకాలు ఎక్కువై నాచు విపరీతంగా పెరగడం) అధ్యాయం అక్కడే అయిపోతుంది. స్నానాల రేవు నీటికి ఆక్సిజన్ 5కు తగ్గకూడదు, బీఓడీ 3కు మించకూడదు అన్న ప్రమాణం కూడా అప్పుడు అంకెలా కాక అర్థంతో గుర్తుంటుంది. బీఓడీ మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు చేస్తాం. విదేశీ పుస్తకాల్లో ఉండే 20 డిగ్రీలు, 5 రోజులు ఇక్కడ రాయించకండి. మూడు రోజుల తర్వాత సీసాలో కనీసం 1 మిల్లీగ్రాము మిగలాలి, కనీసం 2 ఖర్చయి ఉండాలి. లేదంటే నమూనాలో నీరు కలిపి చేసిన ఆ పలుచన పనికిరాదు. అందుకే ఒకే నమూనాకు మూడు పలుచనలు పెట్టుకుంటాం. ఇంక్యుబేటర్‌కు బ్యాకప్ లేకపోతే వేసవిలో కరెంటు పోయిన రాత్రే పరీక్ష పాడవుతుంది.

గాలి సంగతీ అంతే. పీఎం 10 అంటే 10 మైక్రాన్లు, అంతకంటే సన్నని దుమ్ము అని నిర్వచనం అందరికీ వచ్చు. ఆ అంకె ఎక్కడినుంచి వస్తుందో తెలియదు. గాజునార వడపోత కాగితాన్ని తేమ లాగే పాత్ర అయిన డెసికేటర్‌లో 24 గంటలు ఉంచి, 0.1 మిల్లీగ్రాము దాకా చూపే తక్కెడలో తూచి, గాలి పీల్చే యంత్రమైన శాంప్లర్‌లో బిగించి 8 గంటలు నడిపి, మళ్లీ 24 గంటలు ఆరబెట్టి తూస్తాం. నిమిషానికి 1.1 ఘనపు మీటర్ల చొప్పున 480 నిమిషాలకు 528 ఘనపు మీటర్ల గాలి. బరువు 79.2 మిల్లీగ్రాములు పెరిగిందంటే ఘనపు మీటరుకు 150 మైక్రోగ్రాములు. 24 గంటల పరిమితి 100. ఇప్పుడు ఆ కాగితం అంచు బిగింపుకు అంటుకుని 5 మిల్లీగ్రాముల నార ఊడిందనుకోండి, ఫలితం 9 మైక్రోగ్రాములకు పైగా తగ్గిపోతుంది. వానాకాలంలో డెసికేటర్‌లోని సిలికా జెల్ నీలం నుంచి గులాబీకి మారినా మార్చకపోతే తేమ బరువు దుమ్ము బరువుగా నమోదవుతుంది. శాంప్లర్‌ను చెట్టు కిందో, వంటశాల పొగగొట్టం పక్కనో పెడితే ఇక ఆ అంకె ఊరిది కాదు. జాతీయ ప్రమాణం ప్రకారం ఏడాదికి కనీసం 104 కొలతలు, వారానికి రెండుసార్లు చొప్పున ఉంటేనే వార్షిక సగటు చెప్పాలి. పర్యావరణ దినోత్సవం రోజు ఒక్కసారి నడిపి బోర్డు మీద రాసే అంకెతో విద్యార్థికి తప్పు అలవాటు నేర్పినవాళ్లం అవుతాం.

ఫ్లోరైడ్ విషయంలో మన తెలుగు పిల్లలకు చెప్పదగ్గ కథ ఒకటుంది. నల్గొండ టెక్నిక్ పేరుతో చాలా దేశాల్లో తెలిసిన పద్ధతిని తయారుచేసింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి). పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు వేసి కలిపి, తేర్చి, వడపోసే పద్ధతి. సున్నం మోతాదు పటికలో ఇరవయ్యో వంతు దాకా ఉంటుంది. దీన్ని బకెట్టులో చేయించడం సులువే. చిక్కంతా ఆ తర్వాత కొలవడంలో ఉంది. కాలేజీల్లో వాడే స్పాండ్స్ రంగు పద్ధతికి అల్యూమినియం అడ్డొస్తుంది. పటిక వేసిన నీళ్లలో అల్యూమినియం మిగిలి ఉంటే ఫ్లోరైడ్ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. నీళ్లు బాగుపడ్డాయని విద్యార్థి సంబరపడతాడు, ఇంట్లోవాళ్లు తాగుతారు. స్వేదనం చేసి కొలవడమో, అల్యూమినియం అడ్డును తగ్గించే టిసాబ్ ద్రావణం కలిపి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడుతో చూడడమో చేయాలి. తాగునీటి ప్రమాణంలో లీటరుకు 1.0 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 అనే రెండు అంకెల మధ్య ఉన్న తేడా చాలా చిన్నది. అక్కడ ఇలాంటి పొరపాటుకు చోటివ్వకూడదు.

ఇదంతా చేయాలంటే కోట్లు కావాలేమోనని యాజమాన్యాలు భయపడతాయి. అక్కర్లేదు. ఇరవై మంది బ్యాచికి 24 బీఓడీ సీసాలు, పది బ్యూరెట్లు, పీహెచ్ మీటరు, కండక్టివిటీ మీటరు, టర్బిడిటీ మీటరు, నాలుగు దశాంశాల తక్కెడ, ఒక స్పెక్ట్రోఫోటోమీటరు, 27 డిగ్రీల ఇంక్యుబేటరు, మంచు పెట్టె, స్వేదన జలం యంత్రం. కెమిస్ట్రీ విభాగంలో సగం ఇప్పటికే ఉంటాయి. లోహాలు కొలిచే అటామిక్ అబ్జార్ప్షన్ యంత్రం ముందే కొని, గ్యాసు, దీపాలు, మనిషి లేక గుడ్డ కప్పి ఉంచడం కంటే ఆ డబ్బుతో ఏటా రసాయనాలు కొనడం మేలు. ప్రతి పది నమూనాలకు స్వేదన జలంతో చేసే ఒక ఖాళీ నమూనా, అదే నీటిని రెండోసారి చేసే ఒక జంట నమూనా, తెలిసిన బలం ఉన్న ఒక ద్రావణం పెట్టి చేయించండి. దీనికి ఖర్చే లేదు, కానీ ల్యాబులో పనికొచ్చే మనిషిని తయారుచేసేది ఇదే.

ఒక్క విషయం గట్టిగా అడుగుతున్నాం. నీటిలోని మురికిని రసాయనంతో ఆక్సీకరించి కొలిచే సీఓడీ పరీక్ష మిగులులో పాదరసం, వెండి, ఆరో స్థాయి క్రోమియం ఉంటాయి. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ కొలిచే వెస్ట్–గేకే ద్రావణంలోనూ పాదరసమే, నైట్రోజన్ డయాక్సైడ్ ద్రావణంలో ఆర్సెనిక్. వీటిని సింకులో పోయనివ్వకండి. పేరు, తేదీ రాసిన ప్లాస్టిక్ క్యానులో వేరుగా చేర్చి, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపండి. మనకు దగ్గరిది నాగ్‌పూర్ దగ్గరి బుటీబోరీలో ఉంది. క్యాను నిండడానికి చిన్న కాలేజీకి చాలాకాలం పడుతుంది కాబట్టి నాలుగైదు కాలేజీలు కలిసి ఒప్పందం చేసుకోవచ్చు.

ఇక ఉద్యోగాలు. తల్లిదండ్రులు మిమ్మల్ని అడిగేది ఇదే, ఇక్కడే చాలా అస్పష్టంగా చెబుతున్నారు. బీఎస్సీ పర్యావరణ శాస్త్రం ఒక్కటే ఉంటే కాలుష్య మండళ్ల ఇంజనీరు పోస్టులకు దరఖాస్తు చేయడానికి వీలుండదు, వాటికి సివిల్, కెమికల్ లేదా పర్యావరణ ఇంజనీరింగ్ అడుగుతారు. ల్యాబు పోస్టులకు చాలా నోటిఫికేషన్లలో కెమిస్ట్రీ చూస్తారు. కాబట్టి చేరేటప్పుడే కెమిస్ట్రీ జతగా తీసుకోమని చెప్పండి. ఎమ్మెస్సీ, పరిశోధన వైపు వెళ్లేవాళ్లకు నెట్‌లో పర్యావరణ శాస్త్రాలు ఉన్నాయి, గేట్‌లో 2021 నుంచి పర్యావరణ శాస్త్రం, ఇంజనీరింగ్ అని విడిగా పేపరుంది.

ప్రైవేటులో పని ఇంకా ఎక్కువ, దాని తీరు ముందే చెప్పాలి. గుర్తింపు ఉన్న ల్యాబుల్లో మొదటి ఉద్యోగం సాధారణంగా నమూనాలు తీసేది. రాత్రి షిఫ్టులు ఉంటాయి, చిమ్నీ ఎక్కాలి. చిమ్నీలో దుమ్ము కొలిచేటప్పుడు గొట్టం మూతిలోకి పోయే గాలి వేగం, చిమ్నీలో పొగ వేగం సమానంగా ఉండాలి. నెమ్మదిగా పీలిస్తే బరువైన కణాలు వాటా మించి వచ్చి రీడింగు పెరుగుతుంది, జోరుగా పీలిస్తే తగ్గుతుంది. ఇది కాగితం మీద వేసే చిన్న లెక్కే. అక్కడ అంత ఎత్తున, ఆ వేడిలో, నడుముకు బెల్టు కట్టుకుని వేయాలి. 2014 నుంచి థర్మల్, సిమెంటు, కాగితం లాంటి 17 రకాల పరిశ్రమల్లో ఆన్‌లైన్ కొలత యంత్రాలు పెట్టమని కేంద్ర మండలి ఆదేశించాక, వాటిని శుభ్రం చేసి, సరిచూసే మనుషులకు గిరాకీ పెరిగింది. కర్మాగారాల పర్యావరణ విభాగాల్లో పని ఎక్కువగా తేదీలతో నడుస్తుంది: అనుమతి షరతుల నివేదికలు జూన్ 1, డిసెంబరు 1, ప్రమాదకర వ్యర్థాల వార్షిక లెక్క జూన్ 30, పర్యావరణ ప్రకటన సెప్టెంబరు 30. ఈ ఫారాలు ఒక్కసారైనా నింపించి పంపండి. పర్యావరణ ప్రభావ అంచనా సంస్థల్లో గాలి, నీరు, జీవవైవిధ్యం, భూవినియోగం అని విడివిడి నిపుణులు ఉంటారు. భూవినియోగ పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కంప్యూటరు గదిలో వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అడవి వైపు మొగ్గే పిల్లలూ ఉంటారు. పులుల చారల అమరిక కుడివైపు ఒకలా, ఎడమవైపు ఒకలా ఉంటుంది కాబట్టి కెమెరాలు దారికి రెండు వైపులా జంటగా పెడతారని, ఒక్కటే పెడితే ఒక పులిని రెండుగా లెక్కించే ప్రమాదం ఉందని తాడోబా పక్కన చదివే విద్యార్థికి తెలిసి ఉండాలి. గడ్చిరోలిలో మేండా లేఖా గ్రామసభ 2011 నుంచి తన అడవి వెదురు తానే అమ్ముకుంటోంది. అలాంటి గ్రామసభలకు ఏటా ఎంత వెదురు కొడితే అడవి నిలుస్తుందో లెక్క వేసిపెట్టే మనిషి కావాలి. ఆ లెక్క నేర్పే కాలేజీ ఈ రెండు జిల్లాల్లో ఉండకపోతే ఇంకెక్కడ ఉంటుంది?

చట్టం కూడా ప్రయోగంతో పాటే చెప్పాలి. 1974 జల చట్టం 21వ సెక్షన్ ప్రకారం కర్మాగారం నీటి నమూనా తీసేటప్పుడు దాని యజమానికి నోటీసివ్వాలి, నమూనాను రెండు భాగాలు చేయాలి, సీలు వేసి ఇద్దరూ సంతకాలు పెట్టాలి. ఆ వరుస తప్పితే ల్యాబు ఫలితం ఎంత సరిగ్గా ఉన్నా కోర్టులో సాక్ష్యంగా నిలవదు. క్లాసులో ఇద్దరిని అధికారిగా, ఇద్దరిని యజమానిగా పెట్టి ఒకసారి చేయించండి, గంట పని.

భాష సంగతి. ఇక్కడి మన పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, డిగ్రీలో ఇంగ్లీషు. దీన్ని లోటుగా చూడకండి. 2006 ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఉండాలి. రాజురా తాలూకాలోనో, సిరొంచలోనో గని విస్తరణ సభకు వచ్చిన రైతుకు ఆ సారాంశంలోని పట్టికను తెలుగులో, పక్కవాళ్లకు మరాఠీలో విప్పి చెప్పగల కుర్రాడు రెండు వైపులా అవసరం. బేస్‌లైన్ (పని మొదలవకముందు స్థితి) కొలతలు ఏ నెలలో తీశారు, ఎన్ని చోట్ల తీశారు, గాలి వీచే దిక్కున ఉన్న ఊరు జాబితాలో ఉందా, పక్షుల పట్టికలో మన ప్రాంతంలో లేని పక్షి దూరిందా అని వెతకడం సెమినారుగా ఇవ్వండి. అలాగని మరాఠీ రాయడం వదిలేయమని కాదు. రాష్ట్ర ప్రభుత్వ కొలువుల్లో అది రాకపోతే దారి మూసుకుపోతుంది.

మేం కోరేవి ఇవి. ఒకటి, సెమిస్టరుకు కనీసం ఆరు రోజులు బయట నమూనాలు తీయించి, ఆ నమూనాల ముడి రీడింగుల పుస్తకానికే ఇంటర్నల్ మార్కులు ఇవ్వండి. టైపు చేసిన ఫైలుకు వద్దు. కొట్టివేతలు, నీటి మరకలు ఉన్న పుస్తకమే మేం ఇంటర్వ్యూలో చూడాలనుకుంటాం. రెండు, ఒకే నది మీద ఒకే మూడు చోట్లు ఎంచుకుని ఏటేటా బ్యాచి మారినా అవే చోట్ల కొలిపించండి. ఇరై ఊరికి పైన, ఊరు దాటాక, వార్ధాలో కలిసే ముందు అయితే బాగుంటుంది. అయిదేళ్లకు అది ఎవరైనా అడిగి తీసుకునే లెక్క అవుతుంది. మూడు, జూన్‌లో అడ్మిషన్లు మొదలయ్యేలోగా మీ ప్రాస్పెక్టస్‌లో ఏ సబ్జెక్టుల జత తీసుకుంటే ఏ పోస్టుకు అర్హత ఉంటుందో, దేనికి ఉండదో గత నోటిఫికేషన్లు చూసి ఒక పేజీ వేయండి.

మా వైపు నుంచి శనివారాల్లో వచ్చి ఒడ్డున నమూనాలు తీయడం, కట్టడం, ల్యాబులో లెక్క కట్టడం చేసి చూపిస్తాం. పారితోషికం అక్కర్లేదు. జీపు, మంచు పెట్టె, ఒక్కో విద్యార్థికి రెండు సీసాలు ఏర్పాటు చేయండి. వార్ధాలో నీరు సన్నబడి మురుగు కాలువల ప్రభావం తేటగా తెలిసేది ఫిబ్రవరి నుంచి మే దాకా కాబట్టి, జనవరి నెలాఖరులోగా తేదీలు చెబితే మొదటి విడత ఈ ఏడే చేయవచ్చు.

ఇట్లు,
బల్లార్షా, రాజురా, గడ్‌చాందూర్, సిరొంచ ప్రాంతాల్లో నీరు, గాలి పరీక్షల పనిలో ఉన్న తెలుగువాళ్లం